ఎక్విపేజ్: బండి, గుర్రం, నౌకరు

పాత ఇంగ్లీషు నవలలు చదివే అలవాటున్నవారికి ‘ఎక్విపేజ్’ అనే మాట ఎక్కడో ఒకచోట తగలక మానదు. నిఘంటువు తీసి చూస్తే మూడు అర్థాలు కనబడతాయి. మొదటిది సామగ్రి, అంటే సరంజామా. రెండవది గుర్రాలు కట్టిన బండి. మూడవది గొప్పవారి వెంట నడిచే పరివారం. సామగ్రి అంటే వస్తువులు. బండి వాహనం. పరివారమో, మనుష్యులు. తెలుగులో ఈ మూడింటికీ వేరు వేరు మాటలున్నవి. ఒకదానికి బదులు మరొకటి వాడితే వినేవారు నవ్వుతారు. ఇంగ్లీషువారు ఈ మూడింటినీ ఒకే మాటలో ఎట్లా ఇమిడ్చినారు? వెదుకుతూ పోతే, ఒక మాట చరిత్రతోబాటు, దానిని వాడిన సమాజం మనుష్యులను ఏ పద్దులో వ్రాసుకొన్నదో కూడా కొంత తెలియవస్తుంది.

ముందుగా ఒక ఉదాహరణ చూద్దాము. జేన్ ఆస్టెన్ 1813లో ప్రకటించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవల చివరి భాగంలో ఒక ఘట్టమున్నది. బెన్నెట్ కుటుంబంలోని ఆడవారు ఒకనాటి ఉదయం భోజనశాలలో కూర్చొని ఉంటారు. బయట బండి చప్పుడు వినబడుతుంది. కిటికీలోనుంచి చూస్తే నాలుగు గుర్రాల బండి ఒకటి పచ్చికబయలు మీదుగా ఇంటివైపు వస్తున్నది. చుట్టపుచూపుగా ఎవరూ వచ్చే వేళ కాదు. పైగా ఆ ‘ఎక్విపేజ్’ ఇరుగుపొరుగువారిలో ఎవరిదీ కాదని వారు చూడగానే గ్రహిస్తారు. ఎట్లా గ్రహించినారో రచయిత్రి ఆ వెంటనే లెక్క చెప్పినది. గుర్రాలు మజిలీ మజిలీకి మార్చుకొనే అద్దె గుర్రాలు. బండి ఎన్నడూ చూచినది కాదు. బండికి ముందు వస్తున్న నౌకరు తొడుక్కొన్న ఉడుపులు కూడా తెలిసినవి కావు.

గుర్రం, బండి, నౌకరు: ఈ మూడూ కలిస్తేనే ఎక్విపేజ్. ఇంకొక విశేషం గమనించండి. లోపల కూర్చున్న మనిషి ముఖం అప్పటికి ఎవరూ చూడలేదు. అయినా వచ్చినది సామాన్యురాలు కాదని ఇంటిల్లిపాదికీ తెలిసిపోయినది. వచ్చినది లేడీ కేథరిన్. తన మేనల్లునితో ఎలిజబెత్ పెండ్లి కాకుండా అడ్డుపడటానికి వచ్చినది. ఆమె దర్పం ఆమె కంటె ముందుగా గడపలో అడుగు పెట్టినదన్నమాట.

ఇంతగా నేలమీద పరుగెత్తిన ఈ మాట పుట్టినది నీటిమీద. ‘ఎక్విపేజ్’ ఇంగ్లీషుకు ఫ్రెంచినుంచి వచ్చినది. ఫ్రెంచిలో దీనికి మూలమైన క్రియకు ‘అవసరమైనవన్నీ సమకూర్చి సిద్ధం చేయు’ అని అర్థం. ఆ క్రియ ఉత్తర దేశాల నావికుల భాషలోని ‘స్కిపా’ అనే పదంనుంచి వచ్చి ఉంటుందని భాషాచరిత్రకారులు చాలామంది అభిప్రాయపడినారు. ‘స్కిప్’ అంటే ఓడ. ‘స్కిపా’ అంటే ఓడను ప్రయాణానికి సిద్ధం చేయటం. స్కాండినేవియానుంచి ఓడలమీద వచ్చినవారికి ఫ్రాన్సు రాజు 911లో ఉత్తర తీరాన స్థిరపడే హక్కు ఇచ్చినాడు. నార్మండీకి ఆ పేరు వారివల్లనే వచ్చినది. ఓడలవారి మాటలు కొన్ని ఫ్రెంచిలో కలిసిపోవటానికి ఇదొక దారి.

ఓడను సిద్ధం చేయటమంటే ఏమిటి? తెరచాపలు, మోకులు, లంగరు, మంచినీళ్ళ పీపాలు సరిపోతాయా? చాలవు. తెరచాప ఎత్తే చేతులు కావాలి, చుక్కాని పట్టేవాడు కావాలి. మనుష్యులు ఎక్కేవరకు ఓడ సిద్ధమైనట్లు కాదు. కాబట్టి వస్తువులూ మనుష్యులూ మొదటినుంచీ ఈ మాటలో పక్కపక్కనే ఉన్నారు. ఓడ విషయంలో ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. సముద్రం మధ్యలో మోకు తెగినా, మోకు పట్టేవాడు పడిపోయినా ప్రమాదం ఒక్కటే.

పదహారవ శతాబ్దం చివరి భాగంలో ఈ మాట ఇంగ్లీషులో కనబడుతుంది. ఎడ్మండ్ స్పెన్సర్ 1579లో ప్రకటించిన గోపకావ్యంలో దీనిని ప్రయోగించినాడు. ఓడనుంచి దిగి ముందుగా సైన్యంలో చేరినది. సేనకు కావలసిన డేరాలు, వంటపాత్రలు, బండ్లు, బరువులు మోసే పశువులు మొదలైన వాటన్నిటికీ కలిపి ‘క్యాంపు ఎక్విపేజ్’ అన్నారు. ఈస్టిండియా కంపెనీవారి సైనిక వ్యవహారాలలో ఈ పేరు తరచుగా వినబడుతుంది. మన దేశానికి ఆ ఏర్పాటు కొత్త కాదు. మొగలు చక్రవర్తులు ప్రయాణమైతే రెండు జతల డేరాలు ఉండేవి. చక్రవర్తి ఒక మజిలీలో విడిది చేసి ఉండగానే రెండవ జత ముందు మజిలీకి చేరి సిద్ధంగా నిలిచేది. దానినే ‘పేష్‌ఖానా’ అన్నారు. ఔరంగజేబు కాశ్మీర ప్రయాణాన్ని కండ్లారా చూచిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే దీనిని వర్ణించినాడు.

సైన్యంలో ఈ సరంజామాకు ఎంత విలువ ఉన్నదో 1791 మే మాసంలో జరిగిన ఒక సంగతి చెబుతుంది. టిప్పు సుల్తానుమీదికి దండెత్తిన కారన్‌వాలిస్ శ్రీరంగపట్టణం దరిదాపులకు చేరినాడు. బయట జరిగిన యుద్ధంలో గెలిచినాడు కూడా. కాని వానలు పట్టుకొన్నవి. మేత లేక, రోగాలు తగిలి, ఫిరంగులు లాగే ఎడ్లు వందలు వేలుగా పడిపోయినవి. కోట గోడలు పగులగొట్టటానికి అంత దూరం ఈడ్చుకొని వచ్చిన పెద్ద ఫిరంగులను తన చేతులతోనే పాడుచేయించి వెనుదిరగవలసి వచ్చినది. ఫిరంగి ఉన్నది, గుండు ఉన్నది, పేల్చేవాడు ఉన్నాడు; లాగే ఎద్దు లేదు. ఆ యుద్ధకాలంలో సేనలకు ధాన్యం చేరవేసినవారిలో బంజారాలు, అనగా మన లంబాడీల పూర్వులు, ముఖ్యులు. వేలకొలది పొతెడ్లమీద గింజలు వేసుకొని, ఆలుబిడ్డలతో సహా సేనల వెంట నడిచేవారు. వారు లేని దండయాత్రలు దక్కనులో అరుదు. అయినా గెలిచిన కోటల లెక్కలు వ్రాసినవారు ఈ ఎడ్లను, ఎడ్లవారిని సామాను పద్దులోనే వేసినారు.

ఇక బండి సంగతి. పదిహేడు, పదునెనిమిది శతాబ్దాలలో ఇంగ్లండులో రోడ్లు బాగుపడి, సొంత బండి ఉంచుకోవటం గొప్పవారి ఇంటికి గుర్తు అయినది. అప్పటినుంచి ‘ఎక్విపేజ్’ అంటే ప్రధానంగా బండి, గుర్రాలు, వాటిని కనిపెట్టుకొని ఉండే నౌకరులు అనే అర్థం స్థిరపడినది. ఆ బండ్లలో రకాలకు లెక్క లేదు. నలుగురు కూర్చొనే మూతబండి కోచ్. ఈ పేరు హంగేరీలోని కోచ్ అనే పల్లెనుంచి వచ్చినది. మన పెద్దలు ‘కోచిబండి’ అన్నప్పుడు ఆ హంగేరీ పల్లెను తలచుకొంటున్నామని వారికి తెలియదు. ముందుకూ వెనుకకూ రెండు భాగాలుగా మడిచే కప్పుగలది ల్యాండో. ఇది జర్మనీలోని ఒక ఊరి పేరు. రెండు చక్రాలు, రెండు గుర్రాలు ఉంటే కరికల్. రెండు చక్రాలకు ఒకే గుర్రమైతే గిగ్. ఎత్తైన పడుచువాళ్ళ బండి ఫేటన్. సూర్యుని రథం తోలబోయి కూలిపోయిన గ్రీకు కథలోని కుర్రవాని పేరు దానికి పెట్టినవారు హాస్యప్రియులై ఉండాలి. విలియం ఫెల్టన్ అనే బండ్ల నిర్మాత 1794లో ఈ బండ్లమీద ఒక గ్రంథమే ప్రకటించి, ఇరుసులు, ఆకులు, తోలుపని, రంగులు ఒక్కొక్కదానికి ధర ఎంతో వ్రాసినాడు.

బండి కొనటం ఒక ఎత్తు, పోషించటం మరొక ఎత్తు. గుర్రాలకు మేత, సాయీసుకు జీతం, బండిశాలకు అద్దె, తోలేవానికి ఉడుపులు. వెనుక పలకమీద నిలబడి వచ్చే నౌకరులు వేరు. యజమాని ఇంటి రంగుల ఉడుపులు తొడిగి నిలిపేవారు. ఆ ఉడుపులకు ‘లివరీ’ అని పేరు. ‘ఇవ్వబడినది’ అని దాని మూలార్థం. మనవైపు అధికారుల ముందు నడిచిన బిళ్ళబంట్రోతు సంగతి తెలిసినవారికి దీనిని వేరుగా వివరించవలసిన పని లేదు. బిళ్ళ చూస్తే దొర ఎవరో తెలుస్తుంది. బంట్రోతు పేరు ఎవరూ అడగరు.

పేరు మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పాలి. కొన్ని గొప్ప ఇండ్లలో కొత్త నౌకరు చేరితే అతని సొంత పేరు పక్కకు పెట్టి, ఆ పనికి ఇదివరకు ఉన్న పేరుతోనే పిలిచేవారు. మనిషి మారినా పేరు మారదు. బండి గుర్రాలను రంగూ ఎత్తూ సరిపోయేటట్లు జత కూర్చినట్లే, బండి వెనుక నిలిచే నౌకరులనుకూడా ఎత్తు సరిచూచి జతగా ఎంచుకొనేవారు. ‘ఎక్విపేజ్’ అనే మాట లోపలికి మనిషి ఏ దారిన ప్రవేశించినాడో ఇక్కడ స్పష్టంగా కనబడుతున్నది. ఓడలో అతడు పనివాడుగా ఎక్కినాడు. బండి వెనుక అలంకారంగా నిలబడినాడు.

ప్రభుత్వంవారు ఈ సంగతిని కవులకంటె బాగా కనిపెట్టినారు. 1747లో బ్రిటిషు పార్లమెంటు సొంత బండ్లమీద పన్ను విధించినది: నాలుగు చక్రాల బండికి ఏడాదికి 4 పౌనులు, రెండు చక్రాల బండికి 40 షిల్లింగులు. అమెరికా వలసలతో యుద్ధం వచ్చి ఖజానా తరిగిపోగా 1777లో మగ నౌకరులమీద పన్ను వేసినారు, తలకు ఒక గినీ. 1795లో జుట్టుకు తెల్ల పొడి చల్లుకొన్నందుకు మరొక గినీ. ఉడుపుల నౌకరుల తలలకు ఆ పొడి ఉండవలసినదే గనుక యజమానికి ఇదీ తప్పలేదు. చక్రానికి ఇంత, మనిషికి ఇంత, మనిషి జుట్టుకు ఇంత! ఒక పెద్దమనిషి ఎక్విపేజ్ ఎంతదో తెలుసుకోవాలంటే పన్ను రసీదులు చూస్తే సరిపోయేది. నౌకరులమీద పన్ను వేసినది నౌకరులకోసం కాదు. వెండి గిన్నెలు ఉంచుకొన్నట్లే మనుష్యులనుకూడా ఉంచుకోవటం విలాసమని ఎంచి వేసినది.

ఈ కాలంలోనే మాట చిన్న చిన్న వస్తువులకూ పాకినది. తేనీటి పాత్రలు, గిన్నెలు, చెంచాలు కలిపి ‘టీ ఎక్విపేజ్’. స్త్రీలు నడుముకు గొలుసుతో వ్రేలాడగట్టుకొన్న కత్తెర, సూదులపెట్టె, తాళపుచెవుల గుత్తికీ ఇదే పేరు. మన ఇండ్లలో అమ్మమ్మలు బొడ్డున దోపుకొన్న తాళాల గుత్తికి ఇంత గంభీరమైన పేరు ఎవరూ పెట్టలేదు.

కవులు దీనిని ఆకాశానికి ఎక్కించినారు. మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’లో స్వర్గంలోని రథాలకు ఈ మాట వాడినాడు. అలెగ్జాండర్ పోప్ తన హాస్యకావ్యాన్ని 1714లో పెంచి వ్రాసినప్పుడు నాయిక చుట్టూ కంటికి కనబడని గాలి దేవతల గుంపును చేర్చి, అది ఆమెకు ఆకాశంలోని ఎక్విపేజ్ అన్నాడు. భూమిమీద ఆమెకు ఉన్నదల్లా ఇద్దరు కుర్ర నౌకరులు, ఒక మోతకుర్చీ. మోతకుర్చీ అంటే మన మేనాకు దూరపు చుట్టం; ఇద్దరు మోసే పెట్టె. హాస్యానికే అన్నా పోప్ పట్టుకొన్న కీలకం సరియైనదే. వెంట ఎవరెవరున్నారన్నదాన్నిబట్టి మనిషి ఎత్తు కొలవటం ఆనాటి మర్యాద.

ఆ మర్యాద ఇంగ్లండుకే పరిమితమని అనుకోవటానికి వీలు లేదు. వజ్రాల వ్యాపారం నిమిత్తం గోల్కొండకు పలుమార్లు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 1676లో ప్రకటించిన యాత్రాగ్రంథంలో, ఈ దేశంలో గౌరవంగా ప్రయాణం చేయదలచినవాడు బండిలో పోయినా పల్లకిలో పోయినా ఇరవై ముప్పైమంది ఆయుధాలవారిని వెంట ఉంచుకోవాలని చెప్పినాడు. దొంగల భయం ఉన్నది నిజమే. కాని అతని ఉద్దేశంలో భయంతోబాటు గౌరవమూ ఉన్నది.

మరి మన భాషలో ఈ మాటకు దీటైన మాట ఏది? ‘సరంజామా’ అంటే చాలదు. ఇది పారసీకంనుంచి వచ్చినది. ‘సర్’ అంటే తల, ‘అంజామ్’ అంటే ముగింపు. ఒక పనిని కొసముట్టించటానికి కావలసిన వస్తువులన్నీ సరంజామా. పెండ్లి సరంజామా, వంట సరంజామా అంటాము. వంటవానిని సరంజామాలో చేర్చము. ఈ మాట మహారాష్ట్రలో వేరొక దారి తొక్కినది. పీష్వాల కాలంలో సేనను పోషించే నిమిత్తం సర్దారులకు ఇచ్చిన భూములకు ‘సరంజామ్’ అని పేరు. అటువంటి భూములను తిరిగి తీసుకొనే నిబంధనలను బొంబాయి ప్రభుత్వం 1952లో చేసినది. ‘పరివారం’, ‘మందీమార్బలం’ అంటే మనుష్యులు మాత్రమే. అందులో బండికి చోటు లేదు.

‘లవాజమా’ దగ్గరకు వస్తుంది. అరబ్బీలో ‘లాజిమ్’ అంటే తప్పనిసరియైనది. దాని వంశంలోనిదే లవాజమా. అదే ధాతువునుంచి ‘ములాజిమ్’, అనగా కొలువు చేసేవాడు, అనే మాటా వచ్చినది. ఉండక తప్పని వస్తువు, విడువక అంటిపెట్టుకొన్న మనిషి, రెండూ ఒకే ఇంటివి. అధికారి వెంట వచ్చే బంట్రోతులు, పెట్టెలు, బండ్లు, వంటవారు, కుర్చీలు అన్నిటినీ కలిపి లవాజమాతో దిగినాడంటే తెలుగువాడికి వెంటనే బోధపడుతుంది. అందులో కొంచెం ఎత్తిపొడుపుకూడా ఉన్నది. అది ఇంగ్లీషు మాటలో లేదు.

సంస్కృతంలో ఇంతకంటె సరియైన మాట ఉన్నది: ‘పరిచ్ఛదం’. చుట్టూ కప్పేది అని దీనికి మొదటి అర్థం. అక్కడినుంచి ఉడుపులు, ఇంటి సామగ్రి, రాజచిహ్నాలు, చివరకు పరివారం అనే అర్థాలు వచ్చినవి. కాళిదాసు రఘువంశం మొదటి సర్గలో దిలీపుని సేనను అతనికి పరిచ్ఛదమని చెప్పి, పనులు నెరవేర్చినవి మాత్రం శాస్త్రాలలో ఆరితేరిన బుద్ధి, ఎక్కుపెట్టిన విల్లు అన్నాడు. దీనికి వ్యాఖ్య వ్రాసినవాడు మన మెతుకుసీమకు చెందిన కొలాచల మల్లినాథసూరి. సేన ఆ రాజుకు గొడుగు, చామరం వంటిదని ఆయన తేటపరచినాడు. అంతమంది మనుష్యులు ఒక గొడుగుతో సమానమైనారు! రాజు గొప్పతనం చెప్పటానికి కవి అట్లా అన్నాడు గాని, ఆ గొడుగు పద్దులో చేరిన సైనికునివైపునుంచి చూస్తే మాట వేరుగా వినబడుతుంది.

ఇంగ్లీషులో ఎక్విపేజ్ మాట క్షీణించటానికి కారణం వెదకటం కష్టం కాదు. 1830లో లివర్‌పూలు, మాంచెస్టరు నగరాల మధ్య రైలు నడవటంతో దూరప్రయాణాల బండ్లకు కాలం దగ్గరపడినది. ఇరవయ్యో శతాబ్దంలో మోటారుకారు వచ్చి మిగిలినదీ ఊడ్చివేసినది. కారుకు గుర్రం లేదు, వెనుక నిలబడే పలక లేదు. ఎక్విపేజ్‌లోని భాగాలు విడిపోయినవి. వస్తువుల భాగాన్ని దాని తోబుట్టువైన ‘ఎక్విప్‌మెంట్’ తీసుకొన్నది. ఇది ఇప్పటికీ మన ఆసుపత్రులలో, కార్ఖానాలలో దినదినం వినబడే మాట. మనుష్యుల భాగానికి వేరే మాటలు ఏర్పడినవి. కలిపి చెప్పవలసిన అవసరమే పోయినప్పుడు కలిపి చెప్పే మాట నిలువలేదు.

మాట పోయినా ఆ దృశ్యం మనకు పూర్తిగా దూరం కాలేదు. 1950 జనవరి 26న రాజేంద్రప్రసాద్‌గారు రాష్ట్రపతిగా ప్రమాణం చేసిన నాడు ఆరు గుర్రాలు కట్టిన బండిలో ఊరేగినారు. ఆ బండి అప్పటికే ముప్పయ్యైదేండ్ల పాతది. కొత్తగా అశోకుని సింహాల ముద్ర వేయించినారు. తరువాత భద్రతా కారణాలవల్ల బండికి బదులు కారు వచ్చినది. నలభై ఏండ్ల విరామం తరువాత 2024 గణతంత్ర దినోత్సవంనాడు రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు మరల గుర్రపుబండిలో కవాతు స్థలానికి వచ్చినారు. బండి, జత గుర్రాలు, వాటిమీది రౌతులు, చుట్టూ అంగరక్షక దళం: ఆ మొత్తానికి పాత ఇంగ్లీషువాడు ఎక్విపేజ్ అనే అనేవాడు.

ఇతర భాషలలో ఈ మాట బ్రతికే ఉన్నది. ఫ్రెంచిలో తిరిగి ఓడ ఎక్కినది. అక్కడ ‘ఎకిపాజ్’ అంటే ఓడలోనో విమానంలోనో పనిచేసే సిబ్బంది. జోసెఫ్ కెసెల్ 1923లో ఈ పేరుతోనే యుద్ధవైమానికుల నవల వ్రాసినాడు. రష్యనులో రెండు అర్థాలూ నిలిచినవి: పాత కథలలో ‘ఎకిపాష్’ అంటే గుర్రపుబండి, కొత్త కథలలో విమానపు సిబ్బంది. 1980లో అదే పేరుతో వచ్చిన సోవియట్ చిత్రం విమానం నడిపేవారి కథ. రష్యను సాహిత్యం తెలుగులో చదువుకొన్నవారు మనలో చాలామంది ఉన్నారు. అనువదించేవారికి ఇది మంచి చిక్కే. పందొమ్మిదవ శతాబ్దపు కథలో వాకిట ‘ఎకిపాష్’ ఆగినదంటే బండి ఆగినదని వ్రాయాలి. అంతరిక్షనౌకలో ‘ఎకిపాష్’ ఆరోగ్యంగా ఉన్నదంటే మనుష్యులు క్షేమమని వ్రాయాలి. తారుమారైతే గుర్రపుబండి ఆకాశంలో తేలుతుంది.

ఇంగ్లీషు నవల దగ్గరకు వస్తే చిక్కు మరొక రకం. ఆస్టెన్ ఘట్టంలోని మాటకు మేమైతే ‘లవాజమా’ అనే పెట్టుకొంటాము. ఎత్తిపొడుపు కొంచెం ఎక్కువైనా లేడీ కేథరిన్‌కు అది తగినదే. ‘బండి’ అని తేలికగా తేల్చివేస్తే, ఆ వాక్యంలో బండికి ముందు వస్తున్న నౌకరు, పేరు లేకపోయినా ఒక క్షణం కనబడిన ఆ నౌకరు, తెలుగులో అసలే కనబడకుండా పోతాడు.